సిస్టర్స్ ఆఫ్ మెర్సీ: ఉన్నవి మూడే ఆల్బమ్‌లు, ముందు ఏది వినాలి?

కొన్నేళ్ల కిందట మా తమ్ముడికి సిస్టర్స్ ఆఫ్ మెర్సీ అనే ఇంగ్లండ్ రాక్ బ్యాండును పరిచయం చేద్దామని వాళ్ల హిట్ పాటల సంకలనం పెట్టాను. మంచివన్నీ ఒకేచోట ఉన్నాయి కదా, ఇంతకంటే తేలికైన దారి ఏముంటుంది అనుకున్నాను. వాడు నాలుగు పాటలు విని ఇయర్‌ఫోన్స్ తీసేశాడు. "అక్కా, ఒక పాటలో ఎవరో అమ్మాయి పాడుతోంది. ఇంకో పాటలో అరబ్బు దేశాల పాటలాగా ఏదో ఆలాపన వస్తోంది. ఆ తర్వాత రెండూ మామూలు హార్డ్ రాక్. నువ్వు ఇన్నాళ్లూ చెప్పిన ఆ చీకటి ఎక్కడుంది?" అని అడిగాడు.

వాడు అడిగినదాంట్లో తప్పేమీ లేదు. 1993లో వచ్చిన ఆ సంకలనం పేరు 'ఎ స్లైట్ కేస్ ఆఫ్ ఓవర్‌బాంబింగ్'. అందులో పాటలు వెనక నుంచి ముందుకు నడుస్తాయి. అప్పటికి కొత్తదైన పాటతో మొదలై, ఏడాదికి ఏడాది వెనక్కి వెళ్తూ 1984 దగ్గర ఆగుతుంది. బ్యాండు గురించి బాగా తెలిసినవాళ్లకు అలా వెనక్కి నడవడం బాగుంటుంది. కొత్తవాళ్లకు మాత్రం సినిమాను క్లైమాక్స్ నుంచి చూపించినట్టే. పాట మంచిదైనా, అది ఎవరి కోపమో, ఎందుకు వచ్చిన దుఃఖమో అర్థం కాదు.

అప్పటి నుంచి ఈ బ్యాండు గురించి ఎవరు అడిగినా, ముందు వాళ్లు మామూలుగా ఏం వింటారో కనుక్కుని ఆ తర్వాతే ఆల్బమ్ పేరు చెబుతున్నాను. చూడ్డానికి ఎంపిక చాలా చిన్నది. 1980లో మొదలైన ఈ బ్యాండు నేటివరకు చేసిన స్టూడియో ఆల్బమ్‌లు మూడే: 1985లో 'ఫస్ట్ అండ్ లాస్ట్ అండ్ ఆల్వేస్', 1987లో 'ఫ్లడ్‌ల్యాండ్', 1990లో 'విజన్ థింగ్'. వీటికి తోడు, తొలినాళ్ల సింగిల్స్ (ఆల్బమ్‌గా కాక విడిగా విడుదల చేసిన పాటలు) అన్నీ కలిపి 1992లో వేసిన 'సమ్ గర్ల్స్ వాండర్ బై మిస్టేక్' ఉంది. మూడు ఆల్బమ్‌లలోనూ ఉన్న మనిషి ఒక్కడే, గాయకుడు ఆండ్రూ ఎల్‌డ్రిచ్. మిగతావాళ్లంతా మారిపోయారు. కాబట్టి ఏ ఆల్బమ్ వినాలి అంటే, ఒకే పేరుతో ఉన్న మూడు బ్యాండ్లలో ముందు ఏ బ్యాండును కలవాలి అని అడిగినట్టే.

ఎల్‌డ్రిచ్‌తో పాటు అన్నింటిలోనూ ఉన్న ఇంకో 'సభ్యుడు' మనిషి కాదు, ఒక డ్రమ్ మెషీన్. దాని గురించి చెప్పకుండా ముందుకు వెళ్లలేను.

ఎల్‌డ్రిచ్ ఆక్స్‌ఫర్డ్‌లో ఫ్రెంచ్, జర్మన్ సాహిత్యం చదివి, చైనీస్ నేర్చుకోవడానికి ఇంగ్లండ్ ఉత్తరాన ఉన్న లీడ్స్ నగరానికి వచ్చాడు. అక్కడ గిటార్ వాయించే గ్యారీ మార్క్స్‌తో కలిసి బ్యాండు పెట్టాడు. పేరు లెనర్డ్ కోహెన్ పాట నుంచి తీసుకున్నారు. 1980లో వచ్చిన మొదటి సింగిల్ 'ది డ్యామేజ్ డన్'లో డ్రమ్స్ వాయించింది ఎల్‌డ్రిచ్చే. ఆ తర్వాత డ్రమ్స్ వదిలేసి మైక్ దగ్గరకు వచ్చాడు. వెనకాల తాళం వేసే పని ఒక యంత్రానికి అప్పగించి, దానికి 'డాక్టర్ అవలాంచ్' అని పేరు పెట్టాడు. ఏళ్ల తరబడి లోపలి యంత్రాలు మారాయి కానీ పేరు మారలేదు. ఇప్పటికీ బ్యాండు సభ్యుల వరసలో ఆ పేరు ఉంటుంది.

ఇది సరదాకు చెప్పే విషయం కాదు, ఈ బ్యాండు ప్రాణమే అందులో ఉంది. మన పాటల్లో తాళం మనిషి చేతిలో ఉంటుంది. గాయకుడు ఒక మాట దగ్గర కాస్త ఆగితే తబలా కూడా ఆగుతుంది, గొంతు పొంగితే చేయీ పొంగుతుంది. ఇక్కడ ఆ సర్దుబాటు ఉండదు. యంత్రం ఒకే వేగంతో, ఒకే బలంతో కొడుతూ పోతుంది. దానికి అలసట లేదు, జాలి లేదు. దానిమీద మంద్ర స్థాయిలో, దాదాపు గుహలోంచి వస్తున్నట్టుండే ఎల్‌డ్రిచ్ గొంతు. ఆ గొంతు ఎంత బాధపడినా తాళం ఒక్క క్షణం కూడా ఆగదు. గోడ గడియారం కింద కూర్చుని ఏడుస్తున్న మనిషిని ఊహించుకోండి. గడియారం కొట్టుకుంటూనే ఉంటుంది, అందువల్లే ఆ ఏడుపు ఇంకా గట్టిగా తగులుతుంది. నేను ఈ బ్యాండును ప్రేమించడానికి కారణం అదే. ఏ ఆల్బమ్ ముందు విన్నా, మీ చెవి పట్టుకోవాల్సింది యంత్రానికీ గొంతుకూ మధ్య జరిగే ఈ పెనుగులాటనే.

ఈ బ్యాండు సంగీతాన్ని అందరూ గోథిక్ రాక్, పొట్టిగా గోథ్, అంటారు. అదేమిటో తెలియనివాళ్లకు రెండు మాటలు. డెబ్భైల చివర్లో ఇంగ్లండ్‌లో పంక్ అనే మొరటు, కోపపు రాక్ సంగీతం వేడి చల్లారుతున్నప్పుడు, ఆ కోపాన్ని లోపలికి తిప్పుకున్న కొన్ని బ్యాండ్ల నుంచి పుట్టిన సంగీతం ఇది. 1979లో బౌహాస్ అనే బ్యాండు తొమ్మిది నిమిషాలు దాటిన సింగిల్‌తో దారి తీసింది. ఈ సంగీతంలో చాలాసార్లు రాగాన్ని మోసేది మంద్ర స్వరాలు పలికే బేస్ గిటార్. మామూలు గిటార్ పొగమంచులా చుట్టూ పరుచుకుంటుంది. నల్లబట్టలు, కాటుక, స్టేజీ మీద దట్టమైన పొగ ఆ తర్వాత చేరాయి. ఎల్‌డ్రిచ్ మాత్రం తమది గోథ్ బ్యాండు అంటే ఒప్పుకోడు, ఎన్నో ఏళ్లుగా కాదంటూనే ఉన్నాడు. ఆయన మాటను గౌరవిస్తాను. కానీ ఆ తర్వాత వచ్చిన ఎన్నో గోథ్ బ్యాండ్లు ఆయన గొంతునూ ఆ డ్రమ్ మెషీన్‌నూ అనుకరించాయన్నది కూడా నిజమే.

ఫస్ట్ అండ్ లాస్ట్ అండ్ ఆల్వేస్ (1985)

నలుగురు మనుషులు ఒక గదిలో కూర్చుని చేసిన సంగీతం కావాలంటే ఇదొక్కటే. ఎల్‌డ్రిచ్, గ్యారీ మార్క్స్, బేస్ వాయించే క్రెయిగ్ ఆడమ్స్, అప్పుడే కొత్తగా చేరిన గిటారిస్టు వేన్ హస్సీ. నిర్మాత డేవ్ అలెన్, ఈయనే ది క్యూర్ బ్యాండుతోనూ పనిచేశాడు. బ్రిటన్ చార్టుల్లో 14వ స్థానం దాకా వెళ్లింది.

పది పాటలు. ఎల్పీ (రెండు వైపులా పాటలుండే పెద్ద రికార్డు) లెక్కన చూస్తే మొదటి వైపు ఎక్కువగా హస్సీ బాణీలు, రెండో వైపు ఎక్కువగా మార్క్స్ బాణీలు. వింటే తేడా తెలుస్తుంది. హస్సీ గిటార్ మెరుస్తుంది, తీగలు ఒక్కొక్కటిగా చినుకుల్లా రాలతాయి. మార్క్స్ గిటార్ నెమ్మదిగా పేరుకుంటుంది, ఒకే వాక్యాన్ని తిప్పి తిప్పి వాయిస్తూ మనల్ని లోపలికి లాగుతుంది.

'మేరియన్' పాటను ఉదాహరణగా తీసుకోండి. తీగల మీద చిన్న అల్లిక మొదలవుతుంది. దాని కింద యంత్రం పరుగు అందుకుంటుంది. ఎల్‌డ్రిచ్ గొంతు ఎంత కిందికి దిగుతుందంటే, అక్కడ మాటకంటే ఊపిరే ఎక్కువ వినిపిస్తుంది. నీళ్లలో మునిగిపోతున్న మనిషి ఒకే పేరు పట్టుకుని పిలుస్తున్నట్టుంటుంది. మధ్యలో ఒక చరణం జర్మన్‌లో పాడతాడు. నాకు జర్మన్ రాదు, మొదటిసారి విన్నప్పుడు ఆ చరణం ఏమిటో తెలియలేదు. కానీ అక్కడికి వచ్చేసరికి ఇతను ఇక ఎవరికోసమూ పాడటం లేదు, తనలో తను మాట్లాడుకుంటున్నాడు అని మాత్రం అర్థమైంది.

'నైన్ వైల్ నైన్' పాట పేరు చాలామందిని తికమక పెడుతుంది. లీడ్స్ ఉన్న యార్క్‌షైర్ ప్రాంతంలో, ఫలానా టైమ్ 'వరకు' అనే చోట 'వైల్' అంటారు. అంటే తొమ్మిది నుంచి తొమ్మిది వరకు. రైలు కోసం ఎదురుచూస్తున్న మనిషి పాట ఇది. మన గోదావరి యాసలోనో తెలంగాణ మాటలోనో పాటకు పేరు పెడితే బయటివాళ్లకు సగమే అందుతుంది కదా, ఇదీ అంతే. లీడ్స్ మాట తెలిశాక పాట మొత్తం ఒక్కసారిగా ఊరి పాట అయిపోతుంది. కాజీపేట ప్లాట్‌ఫామ్ మీద మూడు గంటలు లేటయిన రైలు కోసం కూర్చున్న ఒక రాత్రి ఈ పాటను వరసగా ఏడెనిమిది సార్లు విన్నాను. ఆ పాటకు అంతకంటే సరైన చోటు నాకు ఇంకోటి తెలియదు.

చివరి పాట 'సమ్ కైండ్ ఆఫ్ స్ట్రేంజర్' ఏడు నిమిషాలు దాటుతుంది, చివరి భాగమంతా ఒకే మాటల చుట్టూ తిరుగుతూ పైకి లేస్తుంది. మధ్యలో ఆపకండి.

ఈ ఆల్బమ్‌లో లోటు కూడా చెప్పాలి. ధ్వని కాస్త మసకగా ఉంటుంది. ఫోన్ స్పీకర్‌లో వింటే గిటార్లన్నీ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి ముద్దయిపోతాయి. ఈ రోజుల శుభ్రమైన రికార్డింగులకు అలవాటు పడ్డవాళ్లకు మొదటి రెండు పాటలు కష్టంగా అనిపిస్తాయి. అందుకే నా దృష్టిలో ఇది బ్యాండు చేసిన అత్యంత ప్రేమగల పనే అయినా, అందరికీ మొదటి ఆల్బమ్‌గా చెప్పను.

ఫ్లడ్‌ల్యాండ్ (1987)

ఎక్కువమందికి ముందు ఇదే వినమంటాను. దీనికి ముందు జరిగిన కథ తెలిస్తే ఆల్బమ్ ఇంకా బాగా దిగుతుంది.

మొదటి ఆల్బమ్ వచ్చిన కొద్ది వారాలకే గ్యారీ మార్క్స్ వెళ్లిపోయాడు. మిగిలిన ముగ్గురు, యంత్రం కలిసి 1985 జూన్ 18న లండన్ రాయల్ ఆల్బర్ట్ హాల్‌లో కచేరీ చేశారు. దాని వీడియో 'వేక్' పేరుతో వచ్చింది. ఆ తర్వాత హస్సీ, ఆడమ్స్ కూడా వెళ్లిపోయారు. వాళ్లు కొత్త బ్యాండుకు 'ది సిస్టర్‌హుడ్' అని పేరు పెట్టుకుంటే, ఎల్‌డ్రిచ్ అదే పేరుతో తనే ముందుగా ఒక సింగిల్ విడుదల చేసి పేరు తన వైపు లాక్కున్నాడు. 1986లో 'గిఫ్ట్' అనే ఆల్బమ్ కూడా వేశాడు. వాళ్లు చివరకు 'ది మిషన్' అయ్యారు.

అలా అందరూ వెళ్లాక ఎల్‌డ్రిచ్ జర్మనీలోని హాంబర్గ్‌లో ఉంటూ యంత్రాలతో కూర్చుని కొత్త పాటలు కట్టాడు. ఎల్బే నది ఒడ్డున ఉన్న రేవు పట్టణం అది. ఆల్బమ్ నిండా నీళ్లే: వరద, సముద్రం, మంచు. గన్ క్లబ్ బ్యాండులో బేస్ వాయించిన ప్యాట్రీషియా మారిసన్ చేరింది. రికార్డులో ఆమె పాత్ర ఎంత అన్నది తర్వాత పెద్ద వాదనే అయింది, ఆ గొడవలోకి నేను వెళ్లను. ఆ రోజుల వీడియోల్లో, ఫొటోల్లో ఆల్బమ్‌కు ఒక ముఖాన్ని ఇచ్చింది మాత్రం ఆమే.

ఈ ఆల్బమ్ పరిమాణమే వేరు. 'దిస్ కరోషన్' బృందగానంతో మొదలవుతుంది. నలభై మంది గాయకుల కోరస్ అది. ఆ పాటను నిర్మించింది జిమ్ స్టైన్‌మన్, గాయకుడు మీట్ లోఫ్ పాడిన 'బ్యాట్ అవుట్ ఆఫ్ హెల్' పాటలు, గాయని బానీ టైలర్ పాడిన 'టోటల్ ఎక్లిప్స్ ఆఫ్ ది హార్ట్' రాసిన మనిషి. ఏదైనా పెద్దగా చేయడమే ఆయన పద్ధతి. ఆల్బమ్‌లో ఆ పాట పది నిమిషాలు దాటుతుంది. బయటకు పండగలా వినిపిస్తుంది కానీ లోపల ఉన్నది తనను వదిలి వెళ్లినవాళ్ల మీద ఎత్తిపొడుపు. సింగిల్‌గా బ్రిటన్‌లో 7వ స్థానానికి వెళ్లింది, ఆల్బమ్ 9వ స్థానానికి.

'డొమినియన్/మదర్ రష్యా' ఇంకో పెద్ద పాట, దీన్నీ స్టైన్‌మన్‌తోనే చేశాడు. 1986 చెర్నోబిల్ ప్రమాదం నీడ, కూలిన సామ్రాజ్యాల ఇసుక ఇందులో ఉన్నాయి. వీడియోను జోర్డాన్‌లోని పెట్రాలో, కొండను తొలిచి కట్టిన ఆ పాత నగరంలో తీశారు. ఎడారి ఎండలో, తెల్ల సూట్‌లో ఎల్‌డ్రిచ్ నిలబడి ఉంటాడు. గోథ్ అంటే రాత్రి, శ్మశానం అనుకునేవాళ్లకు ఆ ఎండ మంచి జవాబు.

'లుక్రీషియా మై రిఫ్లెక్షన్' పాటను మాత్రం కచ్చితంగా హెడ్‌ఫోన్స్‌లో వినండి. డ్రమ్ మెషీన్ మీద బేస్ వరస మొదలవుతుంది. అదే వరస పాటంతా నడుస్తుంది, మిల్లులో పెద్ద చక్రం తిరిగినట్టు. గిటార్ ఎప్పుడో ఒకసారి వచ్చి ఒక గీత గీసి వెళ్లిపోతుంది. గిటార్ బ్యాండు అనిపించుకున్న ఒక బ్యాండు పాటలో అంత ఖాళీని ధైర్యంగా వదిలేయడం నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరుస్తుంది. పాటలో పెద్దది ఏదైనా ఉందంటే ఆ ఖాళీయే.

ఈ ఆల్బమ్ నాకు ఎంత దగ్గరిదో చెప్పడానికి ఒక రాత్రి గురించి చెప్పాలి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను విశాఖ మీదికి వచ్చింది. మా వీధిలో ఒక్క చెట్టు కూడా నిలబడలేదు. కరెంటు లేదు, నీళ్లు లేవు, ఎక్కడా సిగ్నల్ లేదు. రెండో రాత్రి మేడ మీద పడుకున్నాం. ఊరంతా చీకటి, పుట్టి పెరిగిన ఊళ్లో అంత చీకటి నేను ఎప్పుడూ చూడలేదు. ఫోన్‌లో పదిహేను శాతం ఛార్జింగ్ ఉంది. దాన్ని మర్నాటికి దాచుకోవాలని తెలుసు. అయినా ఒకే ఒక్క పాట అనుకుని 'ఫ్లడ్ వన్' పెట్టాను. అంతవరకు ఆ పాటలో నీళ్లను ప్రేమకు గుర్తుగానే విన్నాను. ఆ రాత్రి మాత్రం నీళ్లు నీళ్లలాగే వినిపించాయి, కింద మెట్ల దాకా వచ్చి ఆగిన నీళ్లు. పాట పూర్తయ్యాక ఫోన్ ఆపేశాను. తర్వాత చాలాసేపు దూరంగా సముద్రం హోరు వినిపిస్తూనే ఉంది. అప్పటి నుంచి ఆ ఆల్బమ్‌ను కాలక్షేపానికి పెట్టలేను. విన్నప్పుడు కూర్చునే వింటాను.

పెద్ద పాటల మధ్య '1959' అనే చిన్న పాట ఉంది. పియానో, గొంతు, అంతే, యంత్రం కూడా లేదు. ఎల్‌డ్రిచ్ పుట్టిన ఏడాది అది. తాళం లేని చోట ఆ గొంతు ఎంత ఒంటరిదో అక్కడ తెలుస్తుంది. 'డ్రివెన్ లైక్ ది స్నో' వింటుంటే పాత 'నైన్ వైల్ నైన్' గుర్తుకు రాకపోదు. అదే చలి, అదే ఎదురుచూపు, కానీ ఇప్పుడు మనిషికి వయసొచ్చింది.

కొనేటప్పుడు, స్ట్రీమింగ్‌లో వినేటప్పుడు ఒక జాగ్రత్త. 2006లో మూడు ఆల్బమ్‌లనూ అదనపు పాటలతో మళ్లీ విడుదల చేశారు. ఫ్లడ్‌ల్యాండ్ అసలు ఎనిమిది పాటలే, 'నెవర్‌ల్యాండ్' తునకతో అయిపోతుంది. మొదటి రెండు మూడు సార్లు అక్కడే ఆపండి. తర్వాత వచ్చేవి మంచి పాటలే, అయితే నెవర్‌ల్యాండ్ తర్వాత వచ్చే ఆ నిశ్శబ్దం ఆల్బమ్‌లో భాగం.

విజన్ థింగ్ (1990)

దీని గురించి తక్కువే చెబుతాను. పేరు అప్పటి అమెరికా అధ్యక్షుడు జార్జ్ బుష్ వాడిన మాట, అంటే పెద్ద బుష్. మళ్లీ కొత్త బ్యాండు: హాంబర్గ్ కుర్రాడు ఆండ్రియాస్ బ్రూన్, ఆల్ అబౌట్ ఈవ్ బ్యాండు నుంచి టిమ్ బ్రిచెనో, సిగ్ సిగ్ స్పుత్నిక్ బ్యాండు నుంచి టోనీ జేమ్స్. గిటార్లు ముందుకొచ్చాయి, పొగమంచు పోయింది, అమెరికా మీద కోపం నేరుగా వినిపిస్తుంది. బ్రిటన్‌లో 11వ స్థానం. 'మోర్' పాటను మళ్లీ స్టైన్‌మన్‌తో కలిసి రాశాడు. వెనక పాడిన మ్యాగీ రైలీ గొంతు దానికి పెద్ద బలం.

మెటల్, హార్డ్ రాక్ వినేవాళ్లకు ఇది తేలికైన గుమ్మం. మిగతావాళ్లు దీనితో మొదలుపెడితే, మా తమ్ముడిలాగే 'ఇందులో ప్రత్యేకం ఏముంది' అనుకునే ప్రమాదం ఉంది. నాకు ఇందులో అన్నిటికంటే ఇష్టమైనవి గట్టి పాటలు కావు. 'సమ్‌థింగ్ ఫాస్ట్', చివరి పాట 'ఐ వాజ్ రాంగ్' అనే రెండు మెత్తటి పాటలు. అంత గొడవ మధ్య ఆ రెండింటిలో మనిషి అలసిపోయి కూర్చుంటాడు.

సమ్ గర్ల్స్ వాండర్ బై మిస్టేక్

1980 నుంచి 1983 వరకు ఎక్కువగా సొంత రికార్డు లేబుల్ 'మెర్సిఫుల్ రిలీజ్' మీద వేసుకున్న సింగిల్స్ ఇవి. డబ్బు లేదు, చిన్న యంత్రం, చవక స్టూడియోలు. అందుకే వీటికి ఒక ముడి అందం ఉంది. సంకలనం కాలక్రమంలో ఉండదు, 1982 నాటి 'ఆలిస్'తో మొదలవుతుంది. అది మంచిదే, ఎందుకంటే ఈ బ్యాండు తనను తను కనుక్కున్న పాట అదే. బేస్, యంత్రం, గొంతు మూడూ అక్కడే మొదటిసారి సరిగ్గా కలిశాయి. తొలి సింగిల్ పాటలు చివరి వైపు ఉంటాయి, వాటిని తొందరపడి వినక్కర్లేదు. బ్యాండు మీద ప్రేమ పుట్టాక అవి పాత ఆల్బమ్‌లో చిన్నప్పటి ఫొటోల్లా నచ్చుతాయి.

'ది రెప్టైల్ హౌస్' అనే 1983 ఈపీ (ఆల్బమ్ కంటే చిన్న రికార్డు) పాటలు కూడా ఇందులోనే ఉన్నాయి. చాలా నెమ్మది, చాలా బరువు. పగలు వినే పాటలు కావు అవి.

ఇందులో ఉన్న 'టెంపుల్ ఆఫ్ లవ్' 1983 నాటిది. మా తమ్ముడు అరబ్బు పాటలా ఉందన్నది 1992లో దాన్నే తిరగరాసిన రూపం. ఇజ్రాయెల్ గాయని ఓఫ్రా హజా అందులో ఆలపించింది. ఆమెది యెమెన్ నుంచి వచ్చిన యూదుల కుటుంబం, ఆ సంప్రదాయపు గమకాలే అవి. బ్రిటన్‌లో 3వ స్థానానికి వెళ్లింది, వాళ్లకు అంతకంటే పెద్ద హిట్ లేదు. రెండు రూపాలూ వరసగా వినండి. పాతదాంట్లో పరుగు ఉంది, కొత్తదాంట్లో వైభవం ఉంది. నా ఓటు పాతదానికే. కానీ సంప్రదాయ సంగీతం విని పెరిగినవాళ్లలో చాలామంది ఓఫ్రా హజా గొంతు దగ్గరే ఆగిపోతారు, వాళ్లను కాదనలేను.

మరి మీకేది?

ఇళయరాజా నేపథ్య సంగీతంలో తీగ వాయిద్యాలన్నీ ఒక్కసారి లేచినప్పుడు ఒళ్లు జలదరించే మనిషి అయితే ఫ్లడ్‌ల్యాండ్. ఆలోచించక్కర్లేదు. మన సినిమా పాటలతో పెరిగిన చెవికి పెద్ద కోరస్, నాటకీయత కొత్త కాదు, కాబట్టి అక్కడ తలుపు తేలిగ్గా తెరుచుకుంటుంది. ఎలక్ట్రానిక్ సంగీతం వినేవాళ్లకు కూడా ఇదే, కాకపోతే 'లుక్రీషియా'తో మొదలుపెట్టండి.

ఇప్పటికే ది క్యూర్, జాయ్ డివిజన్ లాంటి బ్యాండ్లు వింటున్నారా? అప్పుడు ఫ్లడ్‌ల్యాండ్ ఆడంబరం మొదట్లో ఎక్కువ అనిపించవచ్చు. ఫస్ట్ అండ్ లాస్ట్ అండ్ ఆల్వేస్ తీసుకుని, 'మేరియన్' నుంచి రెండో వైపు చివరి దాకా వినండి. మొదటి నాలుగు పాటలు మర్నాడు వినొచ్చు.

మెటల్ వాళ్లు విజన్ థింగ్ వినండి, కానీ అదే వారంలో ఫ్లడ్‌ల్యాండ్‌కు రండి. అక్కడే ఆగిపోతే ఈ బ్యాండును చూడనట్టే. పంక్ ఇష్టమైనవాళ్లకు, ఇంట్లో నలుగురు కుర్రాళ్లు రికార్డు చేసిన ధ్వని అంటే ప్రేమ ఉన్నవాళ్లకు 'ఆలిస్' నుంచి మొదలయ్యే ఆ సింగిల్స్.

అసలు టైమ్ లేదు, ఒక్క అరగంటలో తేల్చుకోవాలి అంటారా? 'ఆలిస్', 'మేరియన్', 'లుక్రీషియా', '1959', 'దిస్ కరోషన్', ఈ వరసలోనే వినండి. ఐదింటిలో ఒక్కటి కూడా మిమ్మల్ని తాకకపోతే ఈ బ్యాండు మీది కాదు, అందులో బాధపడాల్సింది ఏమీ లేదు.

మొదటిసారి వినేటప్పుడు పాటల సాహిత్యం తెరిచి పెట్టుకోకండి. ఎల్‌డ్రిచ్ మాటల్లో ఇంగ్లీషు కవిత్వం, బైబిలు, రాజకీయాలు, మత్తుమందుల ప్రస్తావనలు ఒకదానిమీద ఒకటి ఉంటాయి. వాటిని విప్పడం రెండో నెల పని. ముందు గొంతును, యంత్రాన్ని విడివిడిగా పట్టుకోండి. ఒక పాటలో డ్రమ్ మెషీన్‌ను మాత్రమే వింటూ చివరిదాకా వెళ్లండి. తర్వాత అదే పాటలో గొంతును మాత్రమే. మూడోసారి రెండూ కలిపి వింటే పాట మారిపోయి ఉంటుంది. వీలైనంతవరకు బేస్ సరిగ్గా పలికే హెడ్‌ఫోన్స్ వాడండి. ఫోన్ స్పీకర్‌లో బేస్ పోతే ఈ పాటల్లో సగం పోయినట్టే.

మూడూ అయ్యాక ఎక్కడికి వెళ్లాలి అంటే, నేను హస్సీ వెంట వెళ్లమంటాను. ది మిషన్ మొదటి ఆల్బమ్ 'గాడ్స్ ఓన్ మెడిసిన్' 1986లో వచ్చింది. మేరియన్‌లో విన్న ఆ మెరిసే గిటార్ అక్కడ దొరుకుతుంది, ఎల్‌డ్రిచ్ లేకపోతే దానికి ఏం తక్కువైందో కూడా తెలుస్తుంది. అది విని మళ్లీ ఫ్లడ్‌ల్యాండ్ వినండి. హస్సీ లేకపోతే ఇక్కడ ఏం తక్కువైందో అప్పుడు వినిపిస్తుంది.

1990 తర్వాత స్టూడియో ఆల్బమ్ రాలేదు. రికార్డు కంపెనీతో తగువు వచ్చి ఎల్‌డ్రిచ్ సమ్మె చేసినట్టు రికార్డింగ్ ఆపేశాడు. తర్వాత ఆ కంపెనీతో తెగిపోయినా మళ్లీ ఆల్బమ్ చేయలేదు. కచేరీలు మాత్రం ఆగలేదు. 2006 నుంచి గిటారిస్టు బెన్ క్రిస్టో ఆయన పక్కన ఉన్నాడు. స్టేజీ మీద కొత్త పాటలు పాడుతున్నారు కానీ అవేవీ ఆల్బమ్‌గా రాలేదు. యూరప్‌లోనో, అమెరికాలోనో ఉంటున్న మన వాళ్లెవరైనా ఇది చదువుతుంటే, ఈ బ్యాండు మీ ఊరికి వచ్చినప్పుడు వెళ్లండి. పొగలో ఆయన ముఖం సరిగ్గా కనిపించదు, గొంతు పాత రికార్డుల్లో ఉన్నట్టు ఉండదు. ఆ కొత్త పాటల్ని సరిగ్గా వినాలంటే మాత్రం అక్కడికి వెళ్లాల్సిందే.

మా తమ్ముడికి ఆ తర్వాత రెండేళ్లు ఆగి ఫ్లడ్‌ల్యాండ్ ఇచ్చాను, ఒక్క మాట కూడా చెప్పకుండా. ఇప్పుడు వాడు నాతో గొడవ పడుతున్నాడు, మొదటి ఆల్బమే గొప్పదని. పోయిన వారం రాత్రి పదకొండింటికి 'సమ్ కైండ్ ఆఫ్ స్ట్రేంజర్' లింకు పంపి, "అక్కా, చివరి రెండు నిమిషాలు మళ్లీ విను" అని మెసేజ్ పెట్టాడు. విన్నాను.